బస్సెక్కేముందు మన చేను

పొలాలు చూడటానికి రైతులు బృందాలుగా వెళ్ళడం మన రెండు రాష్ట్రాల్లో ఇప్పుడు మామూలైపోయింది. జహీరాబాద్ దగ్గరి బిడకన్నెకు, చెన్నేకొత్తపల్లి పక్కనున్న టింబక్టుకు, అరకు కాఫీ తోటలకు, అనంతపురం ఎర్రనేలల్లో వానకు ముందే విత్తిన చేలకు జీపుల్లోనూ మినీ బస్సుల్లోనూ జనం వస్తూనే ఉంటారు. ఆత్మ పథకం కింద వ్యవసాయ శాఖ కొందరిని పంపుతుంది. స్వచ్ఛంద సంస్థలు కొందరిని తీసుకెళ్తాయి. పట్నంలో ఉద్యోగం చేస్తూ సొంతూళ్ళో నాలుగెకరాలు కొనుక్కున్నవాళ్ళు తలా కొంత వేసుకుని కేరళ దాకా, ఆరోవిల్ దాకా వెళ్తారు. బ్రెజిల్ వెళ్ళి చూసి రావాలని ఆశపడేవాళ్ళూ ఉన్నారు. 2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వం 2,481 కోట్ల రూపాయలతో జాతీయ ప్రకృతి సేద్య మిషన్‌కు ఆమోదం తెలిపింది. దాదాపు 2,000 నమూనా క్షేత్రాలు అందులో భాగం. ఇక చూపించే పొలాలూ పెరుగుతాయి, చూడవచ్చే బస్సులూ పెరుగుతాయి.

ఇంత తిరుగుడులో చేతికొచ్చేది ఎంత అన్నది గట్టిగా అడగాల్సిన ప్రశ్న. మామూలు పర్యటన ఎలా సాగుతుందో అందరికీ తెలిసిందే. పదకొండు గంటలకు చేరతారు, ఎండలో నిలబడి గంటసేపు ప్రసంగం వింటారు, భోజనం చేస్తారు, ఫొటోలు దిగుతారు, నాలుగింటికల్లా ఇంకో పొలానికి పరుగు. ఇంటికొచ్చాక ఫోను నిండా బొమ్మలు, సంచిలో నాలుగు విత్తన పొట్లాలు ఉంటాయి. చేను మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. ఈ తప్పు చూపించిన రైతుదీ కాదు, చూడ్డానికి వచ్చినవాళ్ళ ఓపికదీ కాదని నా నమ్మకం. సన్నాహం అంటే బస్సు, బస, భోజనం అనుకోవడంలోనే తేడా వస్తోంది. వెళ్ళేవాళ్ళకు తమ చేను సంగతి ఎంత తెలిస్తే అవతలి చేనులో అంత కనబడుతుంది. మిగతా ఏర్పాట్లన్నీ దాని తర్వాతే.

రైతు దగ్గర రైతు నేర్చుకోవడం అనాదిగా ఉన్నదే. దాన్ని ఒక పద్ధతిగా మలిచినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సింది గ్వాటెమాలాలోని కక్చికెల్ మాయా రైతులను. 1970లలో చిమల్తెనాంగో కొండవాలుల్లో మట్టి కొట్టుకుపోకుండా వాలుకు అడ్డంగా కాలువలు తీసి, గట్ల మీద గడ్డి పెంచి, దిగుబడి పెంచుకున్న రైతులు ఆ పనిని పక్క ఊళ్ళవాళ్ళకు నేర్పారు. అక్కణ్ణుంచి అది మెక్సికోకు, నికరాగువాకు, హోండురాస్‌కు పాకింది. 1997లో క్యూబా చిన్నరైతుల సంఘం దాన్ని తలకెత్తుకుంది. ఆ తొలి రోజుల్లో అక్కడ పనిచేసిన రోలండ్ బంచ్ 1982లో ‘టూ ఇయర్స్ ఆఫ్ కార్న్’ అనే పుస్తకం రాశాడు. ఒకటి రెండు పద్ధతులతోనే మొదలుపెట్టాలని, వాటిని కూడా రైతు తన పొలంలో చిన్న ముక్కలో పరీక్షించి చూసుకోవాలని ఆయన పట్టుబట్టాడు. ఒక్క రోజులో పద్దెనిమిది పద్ధతులు చూపించే మన పర్యటనలకు ఈ మాట ఇంకా చేరలేదు.

అదే రైతుల పరంపరలో జరిగిన ఇంకో పని నన్ను బాగా ఆకట్టుకుంటుంది. 1998 అక్టోబరులో మిచ్ తుఫాను మధ్య అమెరికాను ఊడ్చేసింది. ఆ తర్వాత ఎరిక్ హోల్ట్ గిమెనెజ్ పూనికతో హోండురాస్, నికరాగువా, గ్వాటెమాలా రైతులు పొలాలను జంటలు జంటలుగా ఎంచుకున్నారు. ఒకటి మట్టిని కాపాడే పద్ధతుల్లో సాగైనది, పక్కది మామూలు సాగుది. మొత్తం 1,804 మడులను వాళ్ళే స్వయంగా కొలిచారు. మట్టిని కాపాడిన మడుల్లో పైమట్టి ఎక్కువ మిగిలింది, తేమ ఎక్కువ నిలిచింది. ఈ ఫలితం ఎంత విలువైనదో, కొలిచినవాళ్ళు రైతులే కావడం అంత విలువైనది. తన చేత్తో గుంత తవ్వి పైమట్టి మందం చూసుకున్న మనిషికి ఆ సంగతిని మళ్ళీ ఎవరూ ఉపన్యాసంగా చెప్పనక్కర్లేదు.

ఆసియాలో ఇదే దారి ఇండోనేషియాలో పడింది. వరిలో సుడిదోమ విజృంభించి, మందులు కొట్టిన కొద్దీ పెరుగుతోందని తేలాక అక్కడి ప్రభుత్వం 1986లో 57 రకాల పురుగుమందులను వరి మీద వాడకుండా నిషేధించింది. 1989 నుంచి రైతులు పంటకాలమంతా వారం వారం పొలంలోనే కూర్చుని, మొక్కనూ పురుగునూ మిత్రపురుగునూ బొమ్మ గీసి చర్చించుకునే బడులు మొదలయ్యాయి. ఆ బడే మన దగ్గర ‘పొలంబడి’ అయింది. విత్తనం నుంచి కోత దాకా ఒకే మడి చుట్టూ తిరగడం పొలంబడికున్న బలం. పర్యటనకు ఆ సౌకర్యం లేదు. ఎక్కడో సాగుతున్న కథలో ఒక పేజీ మాత్రమే దానికి దొరుకుతుంది. ముందు పేజీలు చదివి వెళ్ళాల్సిన పని అందుకే వచ్చి పడుతుంది.

ఉష్ణమండలపు సాగుకు కొన్ని ప్రత్యేకతలున్నాయి, అవి తెలియకుండా వెళ్తే చూసింది అర్థం కాదు. నేలను తిరిగి బతికించే ఇలాంటి సేద్యానికి పునరుజ్జీవన సాగు అన్న మాటను 1980లలో ప్రచారంలోకి తెచ్చిన రాబర్ట్ రోడేల్ అమెరికాలోని చల్లని ప్రాంతంవాడు. అక్కడ నేలలో కలిసిన ఆకూ అలమూ నెమ్మదిగా కుళ్ళుతుంది, సేంద్రియ పదార్థం ఏళ్ళ తరబడి పేరుకుంటుంది. మన ఎండకు అదే ఆకు కొన్ని నెలల్లో కరిగిపోతుంది. మే మధ్యాహ్నం బోడి ఎర్రనేల పైపొర వేడి 50 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడికి చాలా సూక్ష్మజీవులు నిలవవు. పైగా ఏడాది వానంతా కొద్ది రోజుల్లో కుమ్మరించి పోతుంది. కాబట్టి ఇక్కడ నేలను ఒకసారి బాగుచేసి వదిలేయడం కుదరదు. ఏడాది పొడవునా కప్పి ఉంచాలి, ఏదో ఒక పచ్చని వేరు నేలలో ఉండాలి, కరిగిపోయే దానికి బదులు కొత్త ఆకు పడుతూనే ఉండాలి. ఏ క్షేత్రానికి వెళ్ళినా ముందు చూడాల్సింది ఈ ఆకు ఎక్కణ్ణుంచి వస్తోందన్నదే.

ఇక ఎక్కడికి వెళ్ళాలన్న మాట. పేరు చూసి వెళ్తున్నాం గానీ వానను చూసి వెళ్ళడం లేదన్నది నా ప్రధాన ఫిర్యాదు.

అనంతపురంలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అక్కడి వేరుశనగ రైతుకు దక్షిణ బాహియా అడవి తోట చూపిస్తే కళ్ళు చల్లబడతాయి, అంతకు మించి ఉపయోగం తక్కువ. ఎర్న్‌స్ట్ గోచ్ అనే స్విస్ రైతు 1984లో బ్రెజిల్‌లోని బాహియాలో పాడుబడ్డ భూమి తీసుకుని, రకరకాల చెట్లు దగ్గర దగ్గరగా నాటి, విపరీతంగా కొమ్మలు కొట్టి నేల మీద పరిచి, అడవి లాంటి కోకో తోటను తయారుచేశాడు. ఎండిన వాగుల్లో మళ్ళీ నీళ్ళు పారాయి. ప్రపంచమంతా చూడదగ్గ పని అది. అయితే అక్కడ దాదాపు ఏడాది పొడవునా వాన పడుతుంది, కొట్టిన కొమ్మ చూస్తుండగానే మళ్ళీ చిగురిస్తుంది. ఆ పని మన దగ్గర ఎవరికి చుట్టం అంటే, పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాల్లో కొబ్బరి నీడన కోకో వేసుకున్న రైతులకు. దేశంలో కోకో ఎక్కువ పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. వాళ్ళు బాహియా పద్ధతి చదువుకుని, వీలైతే చూసి రావడంలో అర్థం ఉంది. అనంతపురం రైతుకు మహారాష్ట్రలోని హివరే బజార్ దగ్గరి చుట్టం. అక్కడి వాన ఇక్కడికంటే కూడా తక్కువ. 1989 తర్వాత పోపట్‌రావ్ పవార్ సర్పంచిగా ఆ ఊరు నీటి లెక్క వేసుకోవడం నేర్చింది, సాగుకు బోర్లు వేయకూడదని కట్టుబాటు చేసుకుంది. వెళ్ళిన బృందాలు చెక్‌డ్యాములకు ఫొటోలు తీసుకుంటాయి. ఊరిని నిలబెట్టిన కట్టుబాటు ఫొటోలో పడదు, గ్రామసభ పెద్దల దగ్గర కూర్చుని అడిగితేనే తెలుస్తుంది.

మన దగ్గరే ఉన్నవాటిలో అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో వానకు ముందు పొడిగా విత్తే చేలను నేను అన్నిటికంటే ముందు పెడతాను. పీఎండీఎస్ అని రైతులు పిలిచే ఈ పద్ధతి 2018 నుంచి అక్కడ రూపు కట్టింది. దాన్ని నడిపిస్తున్నది 2014లో ఏర్పడిన రైతు సాధికార సంస్థ. ఆ సంస్థ నడిపే ప్రకృతి సాగు కార్యక్రమం 2024లో గుల్బెంకియన్ పురస్కారాన్ని శాస్త్రవేత్త రతన్ లాల్‌తోనూ ఈజిప్టులోని సెకెమ్‌తోనూ పంచుకుంది. పద్ధతి ఇదీ. పది పదిహేను రకాలు, ఇంకా ఎక్కువైనా సరే, విత్తనాలను మట్టి, బూడిద, ఘన జీవామృతం పట్టించి గుళికలు చేస్తారు. వేసవిలో ఎండిన నేలలోనే విత్తి పైన ఆచ్ఛాదన పరుస్తారు. అడపాదడపా పడే జల్లుకు మొలిచి, తొలకరి నాటికి చేను పచ్చగా ఉంటుంది. ఆ పచ్చటి చేను పక్కనే దున్ని వదిలేసిన బీడు కూడా ఉంటుంది. మే నెలలో ఆ రెంటి మధ్య గట్టు మీద చెప్పులు విడిచి నిలబడితే, ఒక కాలికి చెమ్మ, ఇంకో కాలికి మంట. ఈ తేడా జనవరిలో వెళ్ళినవాళ్ళకు దొరకదు.

జహీరాబాద్ వైపు చూడాల్సింది మరొకటి. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు ఒకే చేనులో జొన్న, కంది, కొర్ర, సామ, అలసంద, అనుము, పెసర, నువ్వు కలిపి వేస్తారు. వాళ్ళ పనికి 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. సంక్రాంతి రోజుల్లో మొదలయ్యే పాత పంటల జాతరకు వెళ్తే విత్తనాలతో పాటు వాటి వెనకున్న మాటలూ వినొచ్చు. ఆ చేలల్లో మనం కలుపు అనుకునే తుమ్మికూర, దొగ్గలికూర అక్కడ పొయ్యి మీదికెక్కే కూరలు. అటే బిడకన్నెలో అరణ్య సంస్థ క్షేత్రం ఉంది. 2017లో హైదరాబాదులోనూ ఆ క్షేత్రంలోనూ అంతర్జాతీయ పర్మాకల్చర్ సదస్సు జరిగింది. నీటిని వాలులో ఎలా ఆపాలో, చెట్టును ఎక్కడ పెట్టాలో కాగితం మీద గీసుకునే అలవాటు అక్కడ బాగా పట్టుబడుతుంది.

టింబక్టు 1990లో 32 ఎకరాల బోడి భూమితో మొదలైంది. నిప్పునూ మేతనూ అదుపు చేసి చుట్టుపక్కల కొండల్లో అడవిని తిరిగి తెచ్చుకోవడం, రైతుల సహకార సంఘంగా పంటను అమ్ముకోవడం అక్కడి పాఠాలు. పంట తీయడం తెలిసి అమ్మడం తెలియని బృందాలు ముందుగా అక్కడికే వెళ్ళాలి. జనగామ జిల్లాలోని ఎనబావి, ఖమ్మం వైపు పునుకుల వంటి ఊళ్ళు రసాయన పురుగుమందులు మానుకోవాలని ఊరంతా కలిసి తీసుకున్న నిర్ణయానికి సాక్ష్యాలు. అరకులో సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ మాను మీదికే పాకిన మిరియం నీడ లెక్క నేర్పుతాయి. ఆ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆరోవిల్ గురించి ఒక్క జాగ్రత్త. 1968 నాటికి కోతకు గురై ఎర్రగా బోసిపోయిన పీఠభూమిని అడవి చేసినవాళ్ళ పట్టుదల గొప్పది. కానీ ఆ పనికి దేశదేశాల నుంచి వచ్చిన స్వచ్ఛంద శ్రమ తోడైంది. కూలీ మీద బతికే సేద్యానికి అందులో ఏది పనికొస్తుందో విడదీసి చూసుకోవాలి.

ఏ క్షేత్రమైనా ఇరవై ఏళ్ళ తోటను మాత్రమే చూసి రావద్దు. ఆ పక్కన రెండో ఏడాదిలోనో మూడో ఏడాదిలోనో ఉన్న చిన్న రైతు చేను తప్పక అడిగి చూడాలి. ఎదిగిన తోట ఆశ పుట్టిస్తుంది. పని నేర్పేది మాత్రం సగం పోయి సగం నిలిచిన మొక్కల వరస.

ఎప్పుడు వెళ్ళాలన్నది చాలామంది సెలవులను బట్టి, మార్చిలోగా ఖర్చు చేయాల్సిన నిధులను బట్టి నిర్ణయిస్తారు. నేల అసలు పరీక్షకు నిలబడేది రెండు సమయాల్లో, మే ఎండకూ ఆగస్టు బెట్టకూ. ఒకే క్షేత్రానికి ఈ రెండు సమయాల్లోనూ వెళ్ళగలిగితే అయిదు క్షేత్రాలు తిరిగినదానికంటే మేలు. ఆరోవిల్ వైపు ఎక్కువ వాన అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య పడుతుంది కాబట్టి అక్కడి లెక్క వేరు. బాహియాలో మన వేసవి నెలలు శరత్తు, శీతాకాలం.

ఎవరు వెళ్ళాలన్నదాని మీద ఒక మాట గట్టిగా చెప్పాలి. పొలానికి ఎక్కువ పని చేసేది ఆడవాళ్ళు, బస్సెక్కేది మగవాళ్ళు. జీవామృతం కలిపేది ఒకరు, దాని గురించి విని వచ్చేది ఇంకొకరు అయితే ఆ పర్యటన దండగ. గ్రామ సమాఖ్య ద్వారా మహిళలను ఎంపిక చేస్తే సరిపోదు. రెండు రోజులు గేదె పాలు ఎవరు పితుకుతారు, పిల్లలకు అన్నం ఎవరు పెడతారు, దారిలో మరుగుదొడ్డి ఎక్కడుంది, రాత్రి బస ఎలాంటిది అన్నవి ముందే తేల్చాలి. ఖర్చుల పట్టికలో పోయిన కూలీకి కూడా ఒక గీత ఉండాలి. కౌలు రైతుల సంగతి ఇంకా వేరు. పదకొండు నెలల కౌలులో చెట్లు నాటమని ఎవరు చెప్పినా వాళ్ళు నవ్వి ఊరుకుంటారు. వాళ్ళకు పనికొచ్చేది ఒక్క పంటకాలంలో ఫలితమిచ్చే ఆచ్ఛాదన, మిశ్రమ విత్తనం, పురుగుకు కషాయాలు. అలాంటి చేలు చూపించమని ముందే అడగాలి, వీలైతే అక్కడి కౌలు రైతుతోనే మాట్లాడించమని కోరాలి. బృందం ఇరవై మందిని దాటకపోతే మంచిది. పొలంలో అయిదుగురేసి విడిపోయి నడిస్తేనే ప్రశ్నలు పుడతాయి.

ఇప్పుడు అసలు సన్నాహానికి వద్దాం. అది బయలుదేరడానికి ముందు, కనీసం నెల రోజుల వ్యవధిలో, ఎవరి చేనులో వాళ్ళు చేసుకోవాల్సింది. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. ఆరంగుళాల అడ్డుకొలత ఉన్న డబ్బా ఒకటి తీసుకుని అడుగు కోసేయాలి. చేనులో చదునైన చోట చెత్త తీసి, డబ్బాను చెక్క పెట్టి సుత్తితో మూడంగుళాలు నేలలోకి దించాలి. లోపల మట్టి చెదరకుండా ఒక పల్చటి ప్లాస్టిక్ కవరు పరిచి, దాని మీద సుమారు 460 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, కవరు మెల్లగా లాగేయాలి. అది ఒక అంగుళం వానతో సమానం. ఆ నీళ్ళు ఇంకాక మళ్ళీ అంతే పోసి, రెండోసారి ఎన్ని నిమిషాల్లో ఇంకిందో ఫోనులో చూసి రాసుకోవాలి. గట్టు మీద చెట్టు కింద ఇదే పని మళ్ళీ చేయాలి. సొంత చేనులోనే రెండు చోట్లా తేడా కనబడుతుంది. చెట్టు కింద గబగబా ఇంకి, దున్నిన చోట డబ్బాలో నీళ్ళు నిలబడిపోతుంటే చూసే రైతు ముఖంలో పుట్టే ప్రశ్నే పర్యటనకు పెట్టుబడి. ఆ డబ్బాను బస్సులో వెంట తీసుకెళ్ళి, అక్కడి రైతు అనుమతితో అక్కడి చేనులోనూ దించాలి.

ఇంకో రెండు మూడు చిన్న పనులున్నాయి. ఆ రెండు చోట్ల నుంచి తెచ్చిన ఎండిన మట్టిగడ్డలను గాజు గ్లాసుల్లోని నీళ్ళలో వలగుడ్డ మీద పెడితే, ఒకటి పొడిపొడిగా విడిపోతుంది, ఇంకొకటి నిలబడుతుంది. అడుగు పొడవు, వెడల్పు, లోతు గుంత తవ్వి వానపాములను లెక్కపెట్టాలి. ఆచ్ఛాదన కింద, బోడి నేల మీద థర్మామీటరు పెట్టి చూడాలి. భూసార పరీక్ష కార్డులో సేంద్రియ కర్బనం అంకె చూసుకోవాలి. మన దేశపు కొలమానంలో 0.5 శాతం లోపు ఉంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ. రాయలసీమ ఎర్రనేలల్లో ఎక్కువ చోట్ల మొదటి గడిలోనే ఉంటుంది. గడిచిన మూడేళ్ళ ఖర్చు కూడా ఒక కాగితం మీద పెట్టుకోవాలి. కౌలు, విత్తనం, ఎరువు, మందు, కూలీ, ట్రాక్టరు, అప్పు మీద వడ్డీ విడివిడిగా రాయాలి. వడ్డీ రాయడం చాలామంది మర్చిపోతారు, మునిగేది అక్కడే. బయలుదేరే ముందు రైతు వేదికలోనో రైతు సేవా కేంద్రంలోనో బృందమంతా ఒక పూట కూర్చుని ఈ కాగితాలు పక్కపక్కన పెట్టుకుంటే, వెళ్ళి అడగాల్సిన నాలుగు ప్రశ్నలు వాటంతటవే పైకి తేలుతాయి.

ఆ ప్రశ్నల్లో కొన్ని ఏ బృందమైనా అడిగి తీరాల్సినవి. ఎకరాకు ఎంత ఆచ్ఛాదన పడుతుంది, అది పక్క చేనుల నుంచి తెస్తున్నారా, ఇక్కడే పండుతోందా? ఊళ్ళో అందరూ ఇదే చేస్తే ఆ చెత్త అందరికీ దొరుకుతుందా? జీవామృతానికి రెండొందల లీటర్ల నీళ్ళలో పది కిలోల పేడ, మూత్రం, బెల్లం, పప్పుపిండి కలపాలన్న సంగతి యూట్యూబులో దొరుకుతుంది. ఆవు లేనివాళ్ళు ఈ ఊళ్ళో ఎలా నెట్టుకొస్తున్నారన్నది ఊరికి వెళ్తేనే తెలుస్తుంది. మొదటి ఏడాది దిగుబడి ఎంత పడింది, ఆ లోటు ఏ డబ్బుతో పూడ్చుకున్నారు? ఇంట్లో ఇంకో జీతం ఉందా? క్షేత్రానికి బయటి నిధులు వచ్చాయా? ఈ చివరి రెండూ అడగడానికి మొహమాటం. కానీ మర్యాదగా అడిగితే చాలామంది రైతులు దాచుకోరు.

దిగుబడి మీద పండితుల మధ్యే వాదం ఉందని కూడా బృందానికి తెలియాలి. 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ పెట్టుబడిలేని ప్రకృతి సేద్యానికి తగిన శాస్త్రీయ ఆధారం లేదంది. ఆ మరుసటి ఏడాది అంతర్జాతీయ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన, ఎరువులు తక్కువ వాడే చిన్నరైతుకు ఇది మేలు చేస్తుందని చెబుతూనే, ఎక్కువ దిగుబడి తీసే పొలాల్లో నత్రజని చాలకపోవచ్చని హెచ్చరించింది. ఆ తర్వాత ఇంగ్లండులోని రెడింగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆంధ్రలో రైతుల పొలాల్లోనే చేసిన ప్రయోగాల్లో ప్రకృతి సాగు దిగుబడి రసాయన సాగుకు తీసిపోలేదు, కొన్ని చోట్ల మించింది. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఇదీ. వర్షాధారపు ఎర్రనేలల్లో ఇప్పటికే తక్కువ పండిస్తూ ఎక్కువ ఖర్చు పెడుతున్న రైతుకు నష్టభయం తక్కువ. కాలువ కింద ఎకరాకు నలభై బస్తాల వరి తీసే రైతు మాత్రం నత్రజని ఎక్కణ్ణుంచి వస్తుందో లెక్క చూసుకోకుండా దిగకూడదు. ఒక్క బృందంలో ఈ ఇద్దరూ ఉంటే, ఇద్దరికీ ఒకే పాఠం చెప్పి పంపడం అన్యాయం.

మనకు పొలం చూపే రైతు గురించి ఎవరూ ఎక్కువగా మాట్లాడరు. వారానికి రెండు బృందాలు వస్తే ఆ ఇంటి పని ఆగిపోతుంది. టీలు, భోజనాలు ఆ ఇంటి ఆడవాళ్ళ మీద పడతాయి. చివరికి ఒక శాలువా కప్పి వెళ్ళిపోతారు. ఇది నా మనసును కష్టపెట్టే విషయం. రోజు పాఠానికి ముందే మాట్లాడుకున్న రుసుము ఇవ్వాలి, వంట చేసినవాళ్ళకు విడిగా ఇవ్వాలి, పంట ఏదైనా అమ్మకానికి ఉంటే ఆ ధరకే కొనాలి. వచ్చేవాళ్ళ వివరాలు, వాళ్ళ నేల, వాన, పంట, ప్రశ్నలు వారం ముందు పంపితే ఆ రైతు కూడా ఏం చూపించాలో ఆలోచించుకుంటాడు. విత్తనం అడగకుండా గిల్లి జేబులో వేసుకోవడం దొంగతనమే. జహీరాబాద్ సంఘాల్లో విత్తనం తీసుకున్నవాళ్ళు తీసుకున్నదానికంటే ఎక్కువ తిరిగివ్వడం ఆచారం, ఆ షరతుకు ఒప్పుకునే తీసుకోవాలి. ఏజెన్సీ ఊళ్ళలో ఇళ్ళనూ మనుషులనూ అడగకుండా ఫొటోలు తీయకూడదు.

రోగాల జాగ్రత్త మనుషులకూ కావాలి, పంటలకూ కావాలి. పాడేరు, అరకు వైపు వెళ్తే దోమతెర, దోమల మందు, జ్వరమొస్తే వెంటనే రక్తపరీక్ష. వానల్లో మోకాళ్ళ దాకా బూట్లు, చేతిలో టార్చి. బ్రెజిల్ వెళ్ళేవాళ్ళు పచ్చజ్వరం టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకుని ధ్రువపత్రం దగ్గర పెట్టుకోవాలి. హైదరాబాదు నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో వేస్తారు. అది లేకుండా తిరిగొస్తే విమానాశ్రయంలో ఆపి విడిగా ఉంచుతారు. విదేశాల నుంచి విత్తనం, మొక్క, మట్టి తేవడానికి 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతీ ధ్రువపత్రమూ ఉండాలి. సూట్‌కేసులో నాలుగు గింజలే కదా అనుకోవద్దు. అరటిని నాశనం చేసే పనామా తెగులులోని టీఆర్4 రకం బూటుకంటిన మట్టితో కూడా ప్రయాణిస్తుంది. లాటిన్ అమెరికాలో కొలంబియాకు 2019లో చేరింది, ఉత్తర భారతంలో అంతకుముందే ఉంది. అనంతపురం, కడప జిల్లాల్లో వేల ఎకరాల్లో ఉన్న జీ9 అరటి దానికి లొంగే రకమే. దేశం లోపల తిరిగినా ఇదే జాగ్రత్త అవసరం. కొబ్బరి మీది సర్పిలాకార తెల్లదోమ 2016లో తమిళనాడు పొల్లాచ్చి ప్రాంతంలో కనబడి, ఆ తర్వాత గోదావరి జిల్లాల తోటలను పట్టి పీడించింది. మొక్కల రవాణా దానికి రెక్కలిచ్చింది. కాబట్టి చూడబోయిన తోట నుంచి పిలకలు, నారు తెచ్చుకోవద్దు. ఒక పొలం నుంచి ఇంకో పొలానికి వెళ్ళేముందు బూట్లు బ్రష్‌తో రుద్ది కడగాలి. బస్సులో ఒక బకెట్, బ్రష్, బ్లీచింగ్ పౌడరు పెట్టుకోవడానికి అయ్యే ఖర్చు లెక్కలోకి కూడా రాదు.

తిరిగి రావడానికి కూడా సన్నాహం కావాలి, అదీ వెళ్ళకముందే జరగాలి. రావడంతోనే ఉన్న నాలుగెకరాలూ మార్చేయాలన్న ఉత్సాహం చాలామందికి కలుగుతుంది. 2021లో శ్రీలంక ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా ఆపి, వరి, తేయాకు రైతులు గగ్గోలు పెట్టాక అదే ఏడాది నవంబరులో వెనక్కి తగ్గింది. దేశం చేసిన ఆ తొందరపాటునే మనిషి తన పొలంలో చేయడం కూడా అంతే ప్రమాదం. బయలుదేరే ముందే ప్రతి ఒక్కరూ తమ చేనులో పది సెంట్లో పాతిక సెంట్లో పరీక్షకు కేటాయించి, నాలుగు మూలలా కర్రలు పాతి రావాలి. చూసిన పద్ధతుల్లో ఒక్కటి, మహా అయితే రెండు, ఆ ముక్కలో చేయాలి. పక్కనే అంతే విస్తీర్ణంలో పాత పద్ధతి ఉంచాలి. రెండు చోట్లా ఖర్చు, దిగుబడి, డబ్బాలో నీళ్ళు ఇంకే నిమిషాలు రాయాలి. మూడు వారాలకు ఒకసారి బృందం ఒకరి ముక్క దగ్గర కలవాలి.

పర్యటన ఖర్చుల పట్టికలో ఇంకొక్క పద్దు ఉండాలని నా సూచన. అక్కడి రైతు దంపతులను వానాకాలం మధ్యలో మన ఊరికి పిలవడానికి రానుపోను చార్జీలు, రెండు రోజుల కూలీ, వాళ్ళ పశువులను చూసే మనిషికి ఇచ్చే డబ్బు అందులో రాయాలి. వాళ్ళు ఆగస్టు బెట్టలో వచ్చి మన పది సెంట్ల ముక్కల మధ్య నడిచి, మనకు కనబడనిది చెప్పగలరు. ఆచ్ఛాదన ఇక్కడ పల్చగా పడిందనో, కంది వరసల మధ్య ఎడం ఎక్కువైందనో, ఈ నేలకు అలసంద కంటే ఉలవ మేలనో వాళ్ళు అంటే, సరిదిద్దుకోవడానికి రబీ ఇంకా ముందే ఉంటుంది. నిధులిచ్చే సంస్థ ఈ పద్దుకు ఒప్పుకోకపోతే, బస్సులో రెండో క్షేత్రాన్ని తగ్గించుకుని ఆ డబ్బు ఇటు మళ్ళించమని నేను అడుగుతాను.